సీమసుద్ద కొండల వెంట



నేను 34 ఏళ్లు పిల్లలకు సాంఘిక శాస్త్రం చెప్పాను. కాకినాడకు పైన, ఉప్పాడ వైపు, సముద్రపు హోరు తరగతి గదిలోకి వినబడే బడి మాది. ఆ 34 ఏళ్లూ నా చొక్కా జేబులో రెండు సుద్దముక్కలు లేని రోజు లేదు. సాయంత్రం ఇంటికొస్తే చేతులకు తెల్లటి పొడి, చొక్కాకు తెల్లటి పొడి. మా తాతగారి తరం వాళ్లు ఆ సుద్దను సీమసుద్ద అనేవారు. సీమచింత, సీమపంది, సీమసుద్ద. దూరదేశం నుంచి ఓడెక్కి వచ్చిన ప్రతి వస్తువుకీ ముందు ఆ ‘సీమ’ తగిలించడం మనవాళ్ల అలవాటు.

సీమసుద్ద పుట్టిన సీమ ఎలా ఉంటుందో చూస్తానని నేనెప్పుడూ అనుకోలేదు. పదవీ విరమణ తరవాత మా అమ్మాయి దగ్గరికి ఇంగ్లండు వెళ్లాను. వాళ్లుండేది కెంట్ అనే జిల్లాలో. ఆ జిల్లా చివర డోవర్ అనే రేవు పట్టణముంది. డోవర్‌కు అటూ ఇటూ సముద్రం ఒడ్డున, సముద్రంలోంచి నిటారుగా లేచిన తెల్లటి కొండచరియలున్నాయి. కొన్ని చోట్ల ఎత్తు 110 మీటర్లు, అంటే ముప్పై అంతస్తుల మేడకన్నా ఎక్కువ. ఆ చరియ మొత్తం, అడుగు నుంచి పైదాకా, సుద్దే.

జూన్ నెలలో ఒక శనివారం నేనూ మా అమ్మాయీ డోవర్ నుంచి డీల్ అనే ఊరిదాకా ఆ కొండల అంచు వెంట నడిచాం. సుమారు 16 కిలోమీటర్లు. పొద్దున తొమ్మిదికి మొదలుపెడితే డీల్ చేరేసరికి సాయంత్రం ఆరు దాటింది. ఆ ఒక్క రోజు నడకలో నేను చూసింది, నేర్చుకున్నది ఇవాళ మీతో పంచుకుంటాను.

డోవర్ రైల్వే స్టేషన్‌లో దిగి, ఊరు దాటి, రేవు పక్కనుంచి నడిచాం. ఎడమచేతి వైపు తల పైకెత్తితే కొండమీద డోవర్ కోట. రెండో హెన్రీ రాజు 1180లలో కట్టించిన కోట అది. ఆ ప్రాకారం లోపల రోమన్లు కట్టిన దీపస్తంభం ఇప్పటికీ నిలిచి ఉంది. ఫ్రాన్సుకు పోయే పెద్ద పెద్ద ఓడలు కుడిచేతి వైపు రేవులో లారీలను కడుపులోకి ఎక్కించుకుంటున్నాయి. ఆ ఓడల మోత వెనక పడుతుండగా మెట్లెక్కి, కాలిబాట పట్టుకుని, లాంగ్డన్ కొండమీదికి చేరాం.

అక్కడ మా అమ్మాయి ఒక ప్రశ్న అడిగింది. “నాన్నా, రేవు వెనక ఉన్న చరియ మీద పొదలు మొలిచి, మసకబారి ఉంది. ముందున్నదేమో ఇప్పుడే సున్నం కొట్టినట్టుంది. ఒకటే కొండ కదా, ఎందుకలా?”

నిజమే. రేవుగోడల చాటున ఉన్న చరియ మీద చాలా చోట్ల గడ్డి, తుప్పలు, నాచు. రేవు దాటాక కళ్లు చెదిరే తెలుపు. నాకు వెంటనే జవాబు తోచలేదు. “నడుద్దాం పదమ్మా, కొండే చెబుతుంది” అన్నాను. ఆ జవాబు దొరికేసరికి మధ్యాహ్నం దాటింది. దాని దగ్గరికి వస్తాను.

ముందు ఈ సుద్ద సంగతి. దారిలో ఒకచోట కాలిబాట పక్కనే నేల ఒరుసుకుపోయి సుద్ద బయటపడింది. వంగి, వేలితో రాశాను. అదే మెత్తదనం, అదే పొడి. కానీ ఒక మాట చెప్పాలి. ఇప్పుడు మన బడుల్లో వాడే సుద్దముక్కలు చాలావరకు జిప్సంతో చేసినవి. కాబట్టి 34 ఏళ్లు సుద్దతో బతికిన నేను నిజమైన సీమసుద్దను తాకడం అదే మొదటిసారి.

సుమారు 9 కోట్ల ఏళ్ల కిందట ఐరోపా ఖండంలో చాలా భాగం వెచ్చటి సముద్రం కింద ఉండేది. ఆ నీటిలో కంటికి కనబడని నాచుజాతి ప్రాణులు కోటానుకోట్లు తేలుతూ బతికేవి. ఒక్కో ప్రాణి తన ఒంటిచుట్టూ సున్నపు బిళ్లలు కవచంలా పేర్చుకునేది. ఒక్కో బిళ్ల మిల్లీమీటరులో కొన్ని వేలవ వంతు. ఆ ప్రాణి చనిపోతే బిళ్లలు సముద్రం అడుక్కి దిగేవి. పగలూ రాత్రీ, ఏళ్ల తరబడి, సన్నటి ముగ్గుపిండి రాలినట్టు రాలేవి. వెయ్యేళ్లకు పేరుకునేది కొన్ని సెంటీమీటర్లే. అలా పేరుకుని, బిగిసి, తరవాత భూమి పైకి లేచినప్పుడు సముద్రంలోంచి బయటికొచ్చినవే ఈ కొండలు. ఆ కాలాన్ని శాస్త్రజ్ఞులు క్రెటేషియస్ యుగం అంటారు. లాటిన్ భాషలో ‘క్రేటా’ అంటే సుద్ద. అంటే ఒక భూయుగానికి పేరు పెట్టింది మన జేబులో సుద్దముక్కే.

తరగతిలో అయితే నేనిక్కడ ఆగి, పిల్లల్ని అడిగేవాణ్ణి. మరి అప్పుడు మన దేశం ఎక్కడుంది? ఆసియాకు ఇంకా అతకలేదు. మడగాస్కర్ నుంచి విడిపోయి, భూమధ్యరేఖకు దక్షిణాన, ఒంటరిగా ఉత్తరానికి జరుగుతోంది. ఆ సుద్దయుగం ముగిసే రోజుల్లో, అంటే ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట, దక్కను మీద లావా పారింది. మన రాజమండ్రి దగ్గర కనబడే నల్లరాయి ఆనాటి లావాయే. ఆ తెల్లటి కొండ అంచున నిలబడి గోదావరి ఒడ్డున ఉన్న ఆ నల్లరాతిని తలుచుకున్నాను. నిప్పులో పుట్టిన నలుపూ, నీళ్లలో పుట్టిన తెలుపూ ఒకే యుగపు పిల్లలు.

చరియను పక్కనుంచి చూస్తే తెలుపు మధ్యలో అక్కడక్కడా నల్లటి గీతలు అడ్డంగా కనబడతాయి, రూళ్ల పుస్తకంలో గీతల్లాగా. అది చెకుముకి రాయి. నిప్పు పుట్టించడానికి మన పూర్వులు ఉక్కుతో కొట్టిన రాయి అదే జాతి. ఆ సముద్రంలోనే బతికిన స్పాంజిలవంటి జీవుల దేహాల్లోని సిలికా కరిగి, మళ్లీ గట్టిపడి, సుద్ద మధ్య గడ్డలు కట్టింది. సుద్ద గోటితో గీసినా రాలుతుంది. చెకుముకి గాజు మీద గీత పెడుతుంది. అంత మెత్తనిదీ ఇంత గట్టిదీ ఒకే కొండలో పొరలు పొరలుగా కలిసి ఉన్నాయి.

లాంగ్డన్ దాటాక కొండమీద గడ్డి. ఎవరూ దున్నని, ఎరువు వేయని పలచటి నేల కావడంతో, అక్కడ ఒక్క చదరపు మీటరులో ముప్పై నలభై రకాల మొక్కలు మొలవగలవు. బలమైన గడ్డి ఏదో ఒకటి మిగతావాటిని మింగేయడానికి కావలసిన సారం ఆ నేలలో లేదు. సారం లేకపోవడమే ఇన్ని పూలకు చోటిచ్చింది. సన్నటి పసుపు పూలు, ఊదా పూలు, వాటిమీద నీలిరంగు సీతాకోకచిలుకలు. ఆ సీతాకోకచిలుకల్లో కొన్నిటి గొంగళిపురుగులు ఒకేఒక్క మొక్కను తిని బతుకుతాయి. ఆ మొక్క సుద్దనేలలో మొలుస్తుంది. గడ్డి ఏపుగా పెరిగి దాన్ని కప్పేయకుండా పొట్టి గుర్రాలను మేతకు వదిలారు. తలమీద ఆకాశంలో ఎక్కడో భరతపక్షి పాడుతూనే ఉంది. కూత చెవిలో ఉంది, పిట్ట మాత్రం కంటికి ఆనలేదు.

ఈ కొండలకు ఒక పాట ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో వెరా లిన్ అనే గాయని డోవర్ తెల్లకొండల మీద నీలిపిట్టలు ఎగిరే రోజు వస్తుందని పాడింది. బాంబులు పడుతున్న దేశానికి ఆ పాట పెద్ద ఓదార్పు. ఆ నీలిపిట్ట అమెరికాది, ఇంగ్లండులో లేదు. అయినా ఆ పాట విని జనం కన్నీళ్లు పెట్టుకున్నారు. వెరా లిన్‌కు నూరేళ్లు నిండిన 2017లో, ఈ కొండమీది సుమారు 70 హెక్టార్ల భూమిని కొని కాపాడడానికి నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ విరాళాలడిగింది. కొద్ది వారాల్లో 10 లక్షల పౌండ్లు పోగయ్యాయి. అంతకు ముందు 2012లోనూ కొండ అంచులో కొంత భాగాన్ని ఇలాగే చందాలతో కొన్నారు. ఒక ప్రకృతి దృశ్యం కోసం మామూలు జనం జేబులోంచి డబ్బు తీయడం నా మనసులో నిలిచిపోయింది.

యుద్ధం ఈ కొండల కడుపులోకి కూడా వెళ్లింది. 1940 మే 26 నుంచి జూన్ 4 వరకు, ఫ్రాన్సులోని డన్‌కర్క్ తీరంలో చిక్కుకున్న 3 లక్షల 38 వేల మందికి పైగా సైనికులను ఓడలమీద, పడవలమీద ఇవతలికి తెచ్చారు. ఆ పనంతా డోవర్ కోట కింద సుద్దలో తొలిచిన సొరంగాల్లో కూర్చుని అడ్మిరల్ రామ్సే నడిపించాడు. డన్‌కర్క్‌లో మన దేశపు సైనికులూ ఉన్నారు. సరుకులు మోసే కంచరగాడిదల దళాలతో వెళ్లినవాళ్లు. నేను చూసిన తెలుగు చరిత్ర పుస్తకాల్లో వాళ్లకు ఒక వాక్యం కూడా దొరకలేదు. నేను కూడా ఏనాడూ తరగతిలో చెప్పలేదు. అందుకే ఇవాళ చెబుతున్నాను.

మరి కాస్త ముందుకు నడిస్తే ఫ్యాన్ బే అనే చోటు. అక్కడ 1940, 41లలో ఫిరంగి దళం సైనికుల కోసం నేలకు 23 మీటర్ల లోతున మరో సొరంగం తవ్వారు. పని నూరు రోజుల్లో పూర్తయింది. యుద్ధం తరవాత మట్టితో పూడ్చేశారు. 2012లో ఆ నేల ట్రస్టు చేతికొచ్చాక, వాలంటీర్లు గంపలతో, బకెట్లతో ఆ మట్టి ఎత్తిపోసి 2015లో జనానికి తెరిచారు. మేం తలకు హెల్మెట్లు పెట్టుకుని, టార్చిలైటు పట్టుకుని దిగాం. 125 మెట్లు. లోపల చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. గోడలమీద ఆనాటి కుర్రాళ్ల పేర్లు, చిన్న చిన్న ముఖాల బొమ్మలు. సుద్దగోడ కదా, మేకుతో గీసినా చెక్కడం పడుతుంది. రేపు బతికుంటామో లేదో తెలియని ఇరవై ఏళ్ల పిల్లలు తమ పేరు ఎక్కడో ఒకచోట ఉండాలని రాసుకున్నారు. బెంచీలమీద పేర్లు చెక్కిన పిల్లల్ని కోప్పడిన మేష్టార్ని నేను. ఆ గోడ ముందు మాత్రం మాట్లాడకుండా నిలబడ్డాను.

సొరంగంలోంచి బయటికొస్తే రెండు పెద్ద గిన్నెలు. కొండ పక్కను తొలిచి, కాంక్రీటు పూసి, సముద్రం వైపు తిప్పి బోర్లించిన గిన్నెల్లా ఉంటాయి. వాటిని శబ్దదర్పణాలు అనవచ్చు. ఒకటి మొదటి ప్రపంచయుద్ధంలో 1917 నాటిది, వెడల్పు నాలుగున్నర మీటర్లు. రెండోది 1920లలోది, ఇంకా పెద్దది. దూరం నుంచి వచ్చే శత్రు విమానం మోత ఆ గిన్నె వంపు మీద పడి ఒకే బిందువు దగ్గరికి చేరుతుంది. ఆ బిందువు దగ్గర ఒక మనిషి చెవికి గొట్టం తగిలించుకుని వింటూ ఉంటాడు. కంటికి కనబడకముందే విమానం వస్తోందని చెప్పాలి. ఆ కొద్ది నిమిషాల ముందస్తు కబురు కోసం ఒక కొండనే చెవిగా మలిచారు. విమానాల వేగం పెరిగాక ఆ నిమిషాలు చాలలేదు. 1930ల మధ్యలో రాడార్ వచ్చింది, ఈ చెవులకు పని లేకపోయింది.

వినడం గురించి అనుకుంటూ నడుస్తుంటే సౌత్ ఫోర్లాండ్ లైట్‌హౌస్ వచ్చింది. రేడియో ముందు కూర్చున్న మీకు ఈ చోటు గురించి ప్రత్యేకంగా చెప్పాలి.

ఈ కొండకు ఎదురుగా సముద్రంలో గుడ్విన్ ఇసుకమేటలున్నాయి. ఆటు సమయంలో పైకి తేలి, పోటు సమయంలో మునిగిపోతాయి. వెయ్యికి పైగా ఓడలు ఆ ఇసుకలో కూరుకుపోయాయి. ఓడలకు దారి చూపడానికి ఈ లైట్‌హౌస్. ఇప్పుడున్న కట్టడం 1843 నాటిది. 1858లో మైకేల్ ఫారడే పర్యవేక్షణలో ఇక్కడ విద్యుద్దీపం వెలిగించి చూశారు. కరెంటు దీపంతో సముద్రానికి దారి చూపిన మొదటి లైట్‌హౌస్ ప్రపంచంలో ఇదే. పేద కమ్మరి కొడుకుగా పుట్టి, పుస్తకాలు కుట్టే పని చేస్తూ చదువుకున్న ఫారడే, వయసు మళ్లాక, చలికాలంలో, ఆ దీపం ఎలా వెలుగుతోందో చూసుకోవడానికి ఈ కొండదాకా వచ్చాడు.

ఆ తరవాత నలభై ఏళ్లకు ఇక్కడికి 24 ఏళ్ల కుర్రవాడు వచ్చాడు. పేరు మార్కోని. గుడ్విన్ మేటల దగ్గర లంగరు వేసి ఉన్న దీపనౌకకూ, ఈ లైట్‌హౌస్‌కూ మధ్య తీగ లేకుండా సందేశం పంపాలని చూశాడు. దూరం 19 కిలోమీటర్లు. 1898 డిసెంబరు 24న, క్రిస్మస్ ముందురోజు, ఆ సందేశాలు నడిచాయి. 1899 మార్చిలో ఫ్రాన్సు తీరంలోని విమెరో నుంచి తీగ లేని సందేశం సముద్రం దాటి ఇదే లైట్‌హౌస్‌కు చేరింది. ఆ ఏడే పొగమంచులో ఒక ఓడ ఆ దీపనౌకను ఢీకొట్టింది. దీపనౌకలోనివాళ్లు వైర్‌లెస్‌తో ఒడ్డుకు కబురు చేశారు, సాయానికి పడవ వెళ్లింది. అంతకు ముందైతే ఫిరంగి పేల్చి, ఎవరైనా వింటారేమోనని ఎదురు చూడడమే.

అప్పటికి అందులో మనిషి గొంతు లేదు. టిక్కు టిక్కుమనే చుక్కలూ గీతలే. కానీ నా గొంతు ఈ నిమిషాన మీ ఇంట్లోకి, మీ పొలం గట్టుమీదికి, మీ పడవలోకి వస్తున్న దారి తెరుచుకున్న కొద్ది చోట్లలో ఆ సుద్దకొండ ఒకటి. మా ఊరి మత్స్యకారులు వేటకు వెళ్తూ ట్రాన్సిస్టర్ తీసుకెళ్లేవారు. రేడియోలో తుపాను హెచ్చరిక విని పడవ వెనక్కి తిప్పి ప్రాణాలతో వచ్చినవాళ్లు నాకు తెలుసు. ఆ లైట్‌హౌస్ దగ్గర మార్కోని సంగతి చదువుతుంటే నాకు వాళ్ల ముఖాలే గుర్తుకొచ్చాయి.

లైట్‌హౌస్ పక్కన గడ్డిమీద కూర్చుని దిబ్బరొట్టె ముక్కలు తిన్నాం. ఎదురుగా ఫ్రాన్సు. ఆ రోజు గాలి తేటగా ఉంది. అవతలి ఒడ్డున కూడా తెల్లటి చరియ ఒక సన్నటి గీతలా కనబడింది. ఇక్కడ జలసంధి వెడల్పు 33 కిలోమీటర్లే. ఆ అవతలి తెలుపు కూడా ఇదే సుద్ద. ఒకప్పుడు ఇంగ్లండు, ఫ్రాన్సు ఈ సుద్దగట్టుతో కలిసే ఉండేవి. మంచుయుగంలో ఈ గట్టుకు ఉత్తరాన పెద్ద సరస్సు నిండింది. సుమారు నాలుగున్నర లక్షల ఏళ్ల కిందట అది గట్టుమీదుగా పొర్లి, చెరువుకు గండి పడినట్టు గండి కొట్టిందని శాస్త్రజ్ఞులు సముద్రం అడుగున ఆనవాళ్లు చూసి చెప్పారు. ఇంగ్లండును వేరు చేసి, దాని చరిత్రనే మార్చిన గండి అది.

ఆ గండిని దాటాలని మనిషి చెయ్యని ప్రయత్నం లేదు. 1875 ఆగస్టులో మాథ్యూ వెబ్ డోవర్ నుంచి దాదాపు 22 గంటలు ఈది ఫ్రాన్సు చేరాడు. 1909 జూలై 25న బ్లేరియో అనే వైమానికుడు విమానంలో దాటి, డోవర్ కోట దగ్గర గడ్డిలో దిగాడు. 1958లో మిహిర్ సేన్ ఈది దాటిన మొదటి భారతీయుడయ్యాడు. ఆ మరుసటి ఏడే, 1959 సెప్టెంబరు 29న, ఆరతి సాహా దాటింది. ఆసియా ఖండంలో ఆ ఘనత సాధించిన మొదటి మహిళ ఆమె, వయసు 19. అంతకు నెల రోజుల ముందు ఒకసారి ప్రయత్నించి, తీరం కనబడుతుండగా వెనుదిరగవలసి వచ్చింది. మళ్లీ నీళ్లలోకి దూకింది. ఆ నీళ్లు ఎంత చల్లగా ఉంటాయో, సెయింట్ మార్గరెట్స్ బే అనే పల్లె ఒడ్డుకు దిగి చెయ్యి పెట్టినప్పుడు తెలిసింది. జూన్ నెలలోనే వేళ్లు కొంకర్లు పోయాయి. ఆ పిల్ల ఆ నీళ్లలో 16 గంటలకు పైగా ఈదింది.

ఆ పల్లె ఒడ్డున మా అమ్మాయి ఫోను మోగింది. ఫ్రాన్సుకు స్వాగతం అని సందేశం. గడియారం ఒక గంట ముందుకు జరిగింది. కొండ అడ్డుపడి ఇంగ్లండు టవర్లు అందవు, నీళ్లమీదుగా ఫ్రాన్సు టవర్లు అందుతాయి. మార్కోని సందేశం వచ్చిన దారినే ఇదీ వచ్చింది.

అక్కడే మా అమ్మాయి ప్రశ్నకు జవాబు దొరికింది. ఒడ్డున నిలబడి చూస్తే చరియ కింద తెల్లటి రాళ్లగుట్ట ఉంది. పైన ఆ మేరకు చరియ కొత్తగా, పాలలా మెరుస్తోంది. మిగతా భాగం కాస్త పాతబడినట్టుంది. అంటే ఆ ముక్క ఈమధ్యనే రాలింది. అల చరియ పాదాన్ని తొలుస్తుంది. పైన వాన నీరు పగుళ్లలో దిగుతుంది. శీతాకాలంలో ఆ నీరు గడ్డకట్టి పగులును వెడల్పు చేస్తుంది. ఒకనాడు పెద్ద పలక మొత్తం విరిగి సముద్రంలో పడుతుంది. 2012 మార్చిలో లాంగ్డన్ దగ్గర అలాగే పెద్ద చరియ కూలింది. కూలిన చోట లోపలి తెలుపు బయటపడుతుంది. రేవుగోడలు కట్టిన చోట అల చరియను తాకడం మానేసింది. రాలడం ఆగింది. గడ్డి, తుప్పలు, నాచు ఎక్కాయి, తెలుపు పోయింది.

“అయితే నాన్నా, కూలుతున్నంతకాలమే ఇది తెల్లగా ఉంటుందన్నమాట” అంది మా అమ్మాయి. అంతే. ఒక దేశం తన స్థైర్యానికి గుర్తుగా చెప్పుకునే కొండ, ఆ దేశంలోని మెత్తని రాళ్లలో ఒకటి. దాని కాంతి ఏ రోజుకారోజు రాలిన చోట పుట్టిన కాంతి. యుద్ధంనుంచి తిరిగొచ్చిన సైనికుడు ఓడమీంచి చూసిన చరియ, ఇవాళ మనం చూసే చరియ ఒకటి కావు. ఆ మొహం ఎప్పుడో సముద్రంలో కలిసిపోయింది. దాని వెనకదే ఇప్పుడు మనకు ముందుకొచ్చింది.

ఇది వినడానికి బాగుంది. కానీ నేను ఉప్పాడ దగ్గరివాణ్ణి. సముద్రం నేలను తింటే ఏమవుతుందో నాకు కొండలు చెప్పనక్కరలేదు. చిన్నప్పుడు అమ్మమ్మ ఇంటి ముందు కొబ్బరిచెట్లు, వాటి అవతల ఇసుక, ఇసుక అవతల సముద్రం. ఇప్పుడు ఆ ఇసుక లేదు, చెట్లు లేవు, ఇల్లు లేదు. తుపాను వచ్చినప్పుడల్లా కాకినాడ నుంచి ఉప్పాడ వెళ్లే రోడ్డు తెగుతుంది. రాళ్లు పోశారు, ఇసుక నింపిన పెద్ద పెద్ద గొట్టాలు పరిచారు, సముద్రం వాటినీ కదిలించింది. జాందానీ చీరలు నేసే మగ్గం గుంటల్లోకి ఉప్పునీరు వచ్చిన ఇళ్లు నేను చూశాను. మా నేల కరిగితే తెల్లటి కాంతి రాదు. ఖాళీ వస్తుంది.

అందుకే ఈ లెక్క శ్రద్ధగా వినండి. ఇదే సుద్దకొండల జాతికి చెందిన ససెక్స్ తీరంలోని చరియల మీద 2016లో ఒక పరిశోధన వచ్చింది. గత 7,000 ఏళ్లలో ఆ చరియ ఏడాదికి 2 నుంచి 6 సెంటీమీటర్లే వెనక్కి జరిగింది. గత 150 ఏళ్లలో అది ఏడాదికి 22 నుంచి 32 సెంటీమీటర్లయింది. చరియ పాదాల దగ్గర అలల దెబ్బ కాచుకునే గులకరాళ్ల మేట సన్నబడడం అందుకు ముఖ్యకారణమని వాళ్ల అభిప్రాయం. మేట ఒకచోట నిలవదు. తీరం వెంట జరుగుతూ ఉంటుంది. ఒకచోట గోడ కట్టి ఆపితే మరోచోట తగ్గుతుంది. ఉప్పాడలోనూ ఇసుక కథ అంతే. తీరం అంటే ఒక ఊరి సొత్తు కాదు, పొరుగూళ్ల ఉమ్మడి ఆస్తి. పైఊరు నీళ్లు ఆపితే కిందిఊరు పొలం ఎండుతుందని మన రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. సముద్రం దగ్గర ఆ జ్ఞానం మనకింకా రావాలి.

మరొక మాట. మన పిల్లలు వేలమంది ఆ దేశంలో చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. సెలవు రోజున ఈ కొండలకు వెళ్లి, అంచున నిలబడి ఫొటోలు దిగుతారు. పైన పచ్చటి గడ్డి గట్టిగానే కనబడుతుంది. దాని కింద సుద్ద ఎప్పుడో రాలిపోయి, గడ్డి గాలిలో వేలాడుతూ ఉండవచ్చు. అంచుకు దూరంగా నడవమని, చరియ కింద కూర్చోవద్దని మీ పిల్లలకు ఫోనులో చెప్పండి. ఆ కొండ ఎవరికీ ముందుగా చెప్పి కూలదు.

సెయింట్ మార్గరెట్స్ నుంచి మళ్లీ ఎక్కితే, మొదటి యుద్ధంలో ఈ జలసంధిని కాపలా కాసిన నావికుల స్మారకస్తంభం. అది దాటాక కొండ నెమ్మదిగా దిగడం మొదలుపెట్టింది. కింగ్స్‌డౌన్ అనే పల్లె దగ్గర తెల్లచరియ పూర్తిగా అయిపోయింది. ఆ తరవాతంతా చదునైన గులకరాళ్ల ఒడ్డు. క్రీస్తుపూర్వం 55లో జూలియస్ సీజర్ నౌకలతో వచ్చినప్పుడు, కొండలమీద ఆయుధాలు పట్టుకుని నిలబడ్డ జనాన్ని చూసి అక్కడ దిగలేక, తీరం వెంట పోయి చదునైన ఒడ్డు చూసుకుని దిగానని రాసుకున్నాడు. ఆ ఒడ్డు ఇదేనని ఇక్కడివాళ్ల నమ్మకం. పొద్దుటి నుంచి మేం నడిచింది ఆయన ఓడలు వెళ్లిన దిక్కుకే.

మా అల్లుడు ఏడేళ్ల మనవరాలిని కారులో తీసుకొచ్చి కింగ్స్‌డౌన్‌లో కలిశాడు. మిగిలిన దూరం అందరం కలిసి నడిచాం. డీల్ ఊరు దగ్గర పడుతుండగా గులకరాళ్లమీద కూర్చున్నాం. నా మోకాళ్లు పట్టేశాయి. మనవరాలు అలలు తెచ్చిపడేసిన రాళ్లు ఏరుతూ ఒక తెల్లటి ముక్క పట్టుకొచ్చింది. నీళ్లలో అరిగి, అరిగి గోలీ అంత నున్నగా అయిన సుద్దముక్క.

“తాతయ్యా, ఇది చాక్ కదా? రాస్తుందా?” అంది.

పలక కావాలి కదా. చుట్టూ చూశాను. ఒక వెడల్పాటి చెకుముకి రాయి దొరికింది, నల్లగా, ఒక పక్క పగిలి చదునుగా. పలకా ఆ కొండదే, సుద్దా ఆ కొండదే. పిల్ల చెయ్యి పట్టుకుని ‘అ’ దిద్దించాను. ఇంట్లో కాగితం మీద రాయమంటే మూతి ముడిచే పిల్ల, ఆ రాతిమీద ‘అ’ రాసింది, ‘ఆ’ రాసింది, ‘అమ్మ’ అని రాసింది. 34 ఏళ్లలో ఎంతమంది చేత దిద్దించానో లెక్కలేదు. కానీ 9 కోట్ల ఏళ్ల సుద్దతో దిద్దించింది అదొక్కసారే.

ఇంటికి తీసుకెళ్దామంది. వద్దన్నాను. ఆ తీరంలో ఒక్కో గులకరాయీ అల దెబ్బ కాచుకునే గోడలో ఇటుక. దారిలో నేర్చుకున్న పాఠం సాయంత్రానికి మరిచిపోతే ఎలా? రాతిని అక్షరాలు పైకి కనబడేలా పెట్టాం. పోటు మొదలైంది. మేం రైలు స్టేషన్ వైపు లేచాం. పిల్ల మాత్రం రెండు మూడుసార్లు వెనక్కి తిరిగి చూసింది. అల ఇంకా ఆ రాతిదాకా రాలేదు.